థాయ్‌లాండ్ సమ్మర్ క్యాంపు: ఏజెంటుకు డబ్బు కట్టే ముందు

అన్నా, పిల్లలకు ఇంగ్లీష్ నేర్పే ఆరు వారాల క్యాంపులో టీచరుగా పనిచేయడానికి టూరిస్టుగా దిగితే చాలని, అరవై వేలు కట్టమని అనంతపురం ఏజెంటు అడిగాడని రాశారు. దయచేసి కట్టొద్దు. క్యాంపు రెండు వారాలదైనా అక్కడ అది ఉద్యోగమే. ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఇచ్చే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, దానిపైన వర్క్ పర్మిట్ (పనిచేసే అనుమతి) రెండూ ఉండాలి. వాటికి కాగితాలు ఇవ్వాల్సింది మిమ్మల్ని పనిలో పెట్టుకునే సంస్థ. అందుకే క్యాంపు నుంచే నేరుగా ఒప్పంద పత్రం అడగండి: వారానికి ఎన్ని గంటలు, జీతం ఏ తేదీన, బస ఎవరిది. టూరిస్టుగా పనిచేస్తే జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడం కష్టం, పట్టుబడితే వెనక్కి పంపేస్తారు.

మన బడుల వేసవి సెలవులతో నెలలు మాత్రం మీకు కొంతవరకు కలిసొస్తాయి. థాయ్‌లాండ్ బడుల పెద్ద సెలవులు మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా. అమెరికా క్యాంపులకు జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా ఉంది, గరిష్ఠంగా 4 నెలలు, కానీ అవి జూన్‌లో మొదలవుతాయి. అప్పటికి మన బడులు తెరిచేస్తారు.

పోలీస్ క్లియరెన్స్‌కు (మీపై కేసులు లేవని చెప్పే పత్రం) పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, ఫీజు 500 రూపాయలు. పాస్‌పోర్టులో పాత చిరునామా ఉంటే ఆలస్యం అక్కడే అవుతుంది.

ఎంపిక కోసం చెప్పించే డెమో పాఠంలో మనవాళ్లు ఎక్కువగా తప్పేది గ్రామర్ చెప్పడం వల్ల. ఆరు పండ్ల బొమ్మలు బల్లపై పరచండి, పేర్లు రెండుసార్లు పలికించండి, పిల్లలు కళ్లు మూసుకున్నాక ఒకటి దాచి "ఏది లేదు?" అని ఇంగ్లీష్‌లో అడగండి. పది నిమిషాల్లో మీకన్నా వాళ్లే ఎక్కువ మాట్లాడాలి.