బీచ్ రోడ్డులో వీడియో, లైట్లు, సౌండ్‌తో ఇన్‌స్టలేషన్ పెడితే జనం ఆగుతారా?

విశాఖ ఆర్కే బీచ్ దగ్గర ఇలాంటి ఇన్‌స్టలేషన్, అంటే జనం మధ్యలోకి నడిచి చూసే కళాకృతి, పెట్టాలనుకుంటున్నామని, ఆర్ట్ గ్యాలరీ మొహం చూడని జనానికి ఎక్కుతుందా అని అడిగారు. తప్పకుండా ఎక్కుతుంది. కాకపోతే వాళ్లకి అందులో చెయ్యడానికి ఏదో ఒక పని ఉండాలి. బొమ్మ ఎంత గొప్పదైనా, చూసి ఊరుకునేదైతే ఓ ఫోటో తీసుకుని వెళ్లిపోతారు.

నేను ఇక్కడే ఒక చిన్న టీమ్‌తో చేశాను. ప్రొజెక్టర్‌ని సముద్రం వైపు పిట్టగోడ దగ్గర కింద పెట్టి, రోడ్డు వైపు కట్టిన తెల్లటి వల మీద అలల వీడియో వేశాం. మధ్యలో నడిచేవాళ్ల నీడలు వల మీద ఇంతెత్తున పడతాయి. ఇంకో ప్రొజెక్టర్ ఎత్తు నుంచి అదే వల మీద జాలరిపేట మత్స్యకారుల్లో పెద్దవాళ్ల ముఖాలు మసగ్గా వేస్తూ ఉంటుంది. అలల వెలుగులో ఆ ముఖాలు కనబడవు, మనిషి అడ్డొచ్చి నీడ పడిన చోట మాత్రం బయటపడతాయి. ఈ కిటుకు రఫాయెల్ లొజానో-హెమ్మర్ అనే మెక్సికన్-కెనడియన్ కళాకారుడిది. 2001లో రోటర్‌డామ్‌లో ఒక కూడలిలో, వీధుల్లో తీసిన ఫోటోలను దారినపోయేవాళ్ల నీడల్లో చూపించాడాయన.

ముంత మసాలా పొట్లం పట్టుకున్న ఓ పిల్ల చెయ్యెత్తింది, దించింది, రెండడుగులు వెనక్కి వేసింది. "నాన్నా, నా లోపల ఓ తాత ఉన్నాడు!" అని అరిచింది. ఇక అక్కడి నుంచి ఆ కుటుంబం కదిలితే ఒట్టు. ఫిషింగ్ హార్బర్‌లో వేకువన రికార్డు చేసిన చేపల వేలంపాట వినిపిస్తుంటే ఒకావిడ "మా మరిది గొంతే ఇది" అని ఆగిపోయి, ఆ కేకలకి అర్థం ఏంటో పక్కవాళ్లకి తనే చెప్పడం మొదలుపెట్టారు. మేం రాసి పెట్టిన బోర్డు అవసరమే లేకపోయింది. అందుకే ఊరి గొంతులు, ఊరి ముఖాలు వాడమని మరీ మరీ చెబుతున్నాను.

గుడ్డ తెర వద్దు. గాలికి తెరచాపలా ఉబ్బి స్తంభాలనే లాగేస్తుంది. సన్న కన్ను వల రెండు పొరలు వేస్తే గాలి దూరిపోతుంది, బొమ్మ నిలబడుతుంది. ఉప్పుగాలికి లెన్స్ మీద పొర కడుతుంది కాబట్టి రోజూ తుడవాల్సిందే. సౌండ్ విషయంలో అలల హోరుతో పోటీ పడకండి. సన్నటి సంగీతం అందులో కలిసిపోతుంది, మనిషి కేక మాత్రం తేలుతుంది. చెవి ఎత్తులో చిన్న స్పీకర్లు చాలు. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు ఎలాగూ కుదరవు.

మనకి సూర్యుడు ఊరి వెనకే దిగుతాడు కదా, డిసెంబరులో ఆరయ్యేసరికి చీకటి పడిపోతుంది. మే, జూన్‌లలో అయితే ఏడు దాకా ఆగాలి. కార్పొరేషన్, పోలీసు అనుమతుల పని ముందే మొదలుపెట్టండి, చివర్లో టెన్షన్ పడే కంటే నయం.

ఇంకొకటి, ఇది మాత్రం వదలకండి. చలికాలం చివర్లో మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పొదిగి బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపే సముద్రమనుకుని పాకుతాయి. అందుకే మా లైట్లన్నీ రోడ్డు వైపే తిప్పాం. మీరు జనవరి, ఏప్రిల్ మధ్య పెట్టేట్టయితే స్థలం ఖాయం చేసుకునే ముందే అటవీ శాఖ వాళ్లతో మాట్లాడండి.