వ్యాక్స్ మెషిన్ కొనే ముందు మీ వేళ్ల దురద సంగతి తేల్చండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. తెనాలిలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తారు. ఇన్నాళ్లూ చేతులకు, కాళ్లకు డబ్బాల్లో వచ్చే హనీ వ్యాక్స్, మొహానికి చిన్న గిన్నెలో కరిగించే కటోరీ వ్యాక్స్ వాడుతున్నాం. ఈ మధ్య కస్టమర్లు రైకా ఉందా, గింజల్లా వచ్చే బీన్ వ్యాక్స్ ఉందా అని అడుగుతున్నారు. డీలరేమో రోల్ ఆన్ మెషిన్ తీసుకోండి, పని త్వరగా అవుతుంది అంటున్నాడు. ఇటీవల ఒకావిడకు అప్పర్ లిప్ మీద తోలు ఊడి నల్లమచ్చ పడింది. ఇంకొకావిడకు వ్యాక్సింగ్ చేయించుకున్న రెండు రోజులకు కాళ్ల నిండా దురద, పొక్కులు. అప్పట్నుంచి చాలా టెన్షన్‌గా ఉంది. నాకూ ఏడాదిగా కుడిచేతి వేళ్ల సందుల్లో దురద, పగుళ్లు ఉన్నాయి. అది సర్ఫ్ నీళ్ల వల్లేమో అనుకుంటున్నాను. చర్మానికి ఏ వ్యాక్స్ మంచిదో చెబితే ఆ సెట్టే కొంటాను.

- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ వేళ్ల సంగతి మీరు మాటవరసకు రాసినట్టున్నారు. నేను మాత్రం దాంతోనే మొదలుపెడతాను. మీరు ఏ వ్యాక్స్ కొనాలో చాలావరకు తేల్చేది అదే.

మార్కెట్లో దొరికే వ్యాక్సులకు పేర్లు ఎన్ని ఉన్నా, వెంట్రుకను పట్టుకునే జిగురు ప్రధానంగా రెండే రకాలు. ఒకటి పంచదార పాకం, రెండోది రోజిన్. రోజిన్ అంటే పైన్ చెట్ల నుంచి కారే జిగురులో నూనె తీసేశాక మిగిలే గట్టి పదార్థం. వయోలిన్ కమానుకు రుద్దేది, రేడియో మెకానిక్ టంకం పెట్టేటప్పుడు పొగ వచ్చేదీ ఇదే. కటోరీ వ్యాక్స్, బీన్ వ్యాక్స్, వైట్ చాక్లెట్, అలోవెరా అంటూ రంగురంగుల డబ్బాల్లో వచ్చే క్రీమ్ వ్యాక్సుల్లో చాలావాటికి ఆధారం రోజినే. మీ కస్టమర్లు రైకా అని అడిగేది కూడా ఈ క్రీమ్ వ్యాక్స్ కోవలోదే. అది నిజానికి ఓ ఇటలీ కంపెనీ పేరు. డబ్బా మీద చాక్లెట్ బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల జిగురు మారిపోదు.

రోజిన్ కొందరికి అలర్జీ తెస్తుంది. మొదటిసారి తగలగానే రాదు. నెలలు, ఏళ్లు వాడాక ఒంటికి పడకుండా పోతుంది. ఒకసారి అలా అయ్యాక కొద్దిగా తగిలినా ఒకటి రెండు రోజుల్లో దురద, ఎర్రదనం, నీటిపొక్కులు వస్తాయి. మీ కస్టమర్‌కు రెండు రోజుల తర్వాత వచ్చిందన్నారు కాబట్టి ఈ అనుమానం రాకతప్పదు. వెంట్రుక మొదట్లో చిన్న చిన్న చీముగడ్డల్లా ఉండి, దురద కన్నా నొప్పి ఎక్కువగా ఉంటే అది అలర్జీ కాకపోవచ్చు, వెంట్రుక కుదుళ్లకు ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది. దురద ప్రధానంగా ఉండి, వ్యాక్స్ పూసిన హద్దు దాటి కూడా పాకితే అలర్జీ వైపే చూడాలి. ఆమెను ఒకసారి చర్మవైద్యులకు చూపించుకోమనండి. ఫలానా వ్యాక్స్ వాడామని ఆ డబ్బా ఫొటో కూడా ఇచ్చి పంపండి. ఈ ఒక్క ఫొటోతో మా చర్మవైద్యుల పని సగం తగ్గుతుంది.

మీ విషయానికొస్తే, సర్ఫ్ నీళ్లు కారణం కావచ్చు, కాదనను. కానీ ఏడాదిగా తగ్గలేదంటే ప్యాచ్ టెస్ట్ చేయించుకోవాల్సిందే. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో పదార్థాలు పెట్టి రెండు రోజులు ఉంచుతారు. తీశాక ఒకసారి, మళ్లీ నాలుగో రోజు ప్రాంతంలో ఇంకోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడపకూడదు. సూదులు ఉండవు. రోజిన్‌ను ఈ పరీక్షలో కోలోఫోనీ అనే పేరుతో పెడతారు. మీ వృత్తికి సంబంధించి ఇంకో రెండు కూడా అందులోనే తెలుస్తాయి: హెయిర్ డైలో ఉండే పీపీడీ అనే రసాయనం, రబ్బరు గ్లవ్స్ తయారీలో వాడే రసాయనాలు. దురదకు అసలు దొంగ హెయిర్ డై అయితే, మీరు వ్యాక్స్ ఎన్ని మార్చినా లాభం లేదు కదా. ఈ పరీక్ష పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో, మెడికల్ కాలేజీల చర్మ విభాగాల్లో ఉంటుంది. గుంటూరులో అడిగి చూడండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ, వీపు మీద స్టెరాయిడ్ క్రీమ్ రాస్తూ వెళ్తే ఫలితం సరిగా రాదు, ముందే డాక్టర్‌కు చెప్పండి.

మీకు రోజిన్ పడదని తేలితే ఎంపిక సులువు: పార్లర్ మొత్తాన్ని పంచదార వ్యాక్స్ మీదకు మార్చుకోవడమే. గ్లవ్స్ వేసుకుంటాను కదా అనకండి. వేడెక్కిన వ్యాక్స్ మణికట్టుకు, చీరకు, తలుపు గడియకు, ఫోన్‌కు అంటుతుంది. రోజిన్ నీళ్లతో పోదు, రోజంతా తగులుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీరు వాడుతున్న హనీ వ్యాక్స్ నిజంగా పంచదారదేనా? ఆ పేరుతో రెండు రకాలూ అమ్ముతున్నారు. లేబుల్ మీద రోజిన్, కోలోఫోనియం, గ్లిసరిల్ రోసినేట్ లాంటి మాటలుంటే అది రోజినే. హైడ్రోజనేటెడ్ రోసినేట్ అని ఉంటే అలర్జీ అవకాశం కొంత తక్కువ, అంతే. ఇప్పటికే పడనివాళ్లకు అదీ వద్దు. లేబుల్ చూసినా అర్థం కాకపోతే ఒక పని చేయండి. చెంచా వ్యాక్స్ గోరువెచ్చని నీళ్లలో వేసి కలపండి. పూర్తిగా కరిగిపోతే పంచదార రకం. ముద్దగా మిగిలి, కొబ్బరినూనె రాస్తే మాత్రం కరిగితే రోజిన్ రకం. ఇది ల్యాబ్ పరీక్షేమీ కాదు, కానీ షాపులో నిలబడి నిర్ణయం తీసుకోవడానికి చాలు. దిగుమతి సరుకైతే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా డబ్బా మీద ఉండాలి. అవి లేని ఫారిన్ సరుకు సగం ధరకు ఇస్తామన్నా వద్దు.

పంచదార వ్యాక్స్‌కూ ఇబ్బందులున్నాయి, దాచడం ఎందుకు. మీ కృష్ణా డెల్టా ఉక్కపోతలో అది తేమ పీల్చుకుని జారుడుగా అయిపోతుంది. గదిలో ఏసీ ఉంటే నయం. చంకల్లో ఉండే పొట్టి, మందపు వెంట్రుకలకు బాగా చెయ్యి తిరిగితే గానీ పట్టు దొరకదు. మీ అమ్మాయిలకు కొన్ని వారాలు శిక్షణ కావాలి. పొయ్యి మీద ఇంట్లోనే పాకం కాచుకుంటామని మాత్రం అనొద్దు. పాకం నీళ్లకన్నా ఎక్కువ వేడెక్కుతుంది, చర్మానికి అతుక్కుని వదలదు, లోతుగా కాలుస్తుంది.

ఇక అప్పర్ లిప్ నల్లమచ్చ. వ్యాక్స్ కన్నా ముందు ఆమె మొహానికి ఏ క్రీమ్ రాస్తోందో అడగండి. మన దగ్గర ఫెయిర్‌నెస్ క్రీమ్ అనుకుని మెడికల్ షాపులో కొనే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపి ఉంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. పట్టీ లాగగానే వెంట్రుకతోపాటు ఆ పొరా వచ్చేస్తుంది. 2018లో ప్రభుత్వం చర్మానికి రాసే స్టెరాయిడ్లను చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. ఆచరణలో ఎలా ఉందో మీకూ నాకూ తెలుసు. కాబట్టి ‘ఏం క్రీమ్ రాస్తున్నారు’ అని ఊరికే అడిగితే ‘ఏం లేదండీ’ అంటారు. ‘ట్యూబ్ ఫొటో ఫోన్లో ఉంటే చూపించండి’ అనండి, బయటపడుతుంది. అలాంటివాళ్లకు మొహం మీద ఏ వ్యాక్సూ వద్దు, దారంతో థ్రెడింగ్ కూడా కొన్నాళ్లు ఆపాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లకు కోర్సు జరిగినన్నాళ్లు, ఆపాక ఆరు నెలల వరకు ఒంటి మీద ఎక్కడా వ్యాక్స్ చేయకూడదు. మొటిమలకు అడాపలీన్, ట్రెటినాయిన్ క్రీములు రాసేచోట కూడా చేయకూడదు. షుగర్ అదుపులో లేనివారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, కాళ్లలో ఉబ్బిన నరాలున్నవారు డాక్టర్‌ను అడిగి రమ్మనండి. నెలసరి సరిగ్గా రాకుండా గడ్డం మీద గట్టి వెంట్రుకలు వస్తున్న అమ్మాయికి వ్యాక్స్ చేసి పంపడం కన్నా పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షకు పంపడం మేలు. ఆ వెంట్రుకలు పీకేకొద్దీ లోపలికి వంగి, గడ్డలు కట్టి, మన రంగు చర్మం మీద మచ్చలు మిగులుస్తాయి.

అప్పర్ లిప్ మీద తోలు ఊడటానికి రెండో కారణం వేడి. కటోరీలో అంచు దగ్గర వ్యాక్స్ మరుగుతుంటే మధ్యలో ఇంకా గడ్డగానే ఉంటుంది. కలపకుండా అంచు నుంచి తీసి పూస్తే కాలకుండా ఎలా ఉంటుంది? 60 డిగ్రీల వేడి కొన్ని సెకన్లు చర్మం మీద నిలిస్తే చాలు. అందుకే హీటర్ కొనేటప్పుడు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి, మూడు పిన్నుల ప్లగ్ ఉండాలి. ఎర్ర బల్బు, పచ్చ బల్బు మాత్రమే ఉన్నవి వద్దు, డిగ్రీలు చూపించేది తీసుకోండి. దాన్నీ పూర్తిగా నమ్మకుండా వంటలకు వాడే పుల్ల థర్మామీటర్ ఒకటి పెట్టుకోండి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ ఇందుకు పనికిరాదు, జ్వరం హద్దు దాటితే దానికి అంకెలు రావు. డబ్బా మీద రాసిన వేడికి మించి పోకుండా, బాగా కలిపి, ప్రతి కస్టమర్‌కూ ముందు మీ మణికట్టు లోపలివైపు కొంచెం చూసుకుని పూయండి. కరెంటు పోయి వచ్చిన తర్వాత మళ్లీ చూడాలి.

ఒకవేళ కాలితే వ్యాక్స్‌ను లాగొద్దు. 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచి, చల్లారాక నూనెతో మెల్లగా తీయండి. ఐసు, టూత్‌పేస్ట్ వద్దు. మొహం మీద కాలితే అదే రోజు ఆసుపత్రికి పంపండి.

డీలర్ చెప్పిన రోల్ ఆన్ మెషిన్ మీద నాకు పెద్ద అభ్యంతరమే ఉంది. పని త్వరగా అవుతుందన్నది నిజమే, పూత పలచగా, సమంగా పడుతుంది. కానీ ఆ రోలరు ఒకరి కాలి మీద దొర్లి, తిరిగి లోపలున్న వ్యాక్స్‌ను తాకి, తర్వాత ఇంకొకరి కాలి మీద దొర్లుతుంది. మనిషికో కాట్రిడ్జ్ (వ్యాక్స్ నింపిన రోలరు డబ్బా) వాడేంత లెక్క మీకు కుదరదు. వేడికి క్రిములు చచ్చిపోతాయి కదా అని చాలామంది అంటారు. చర్మం భరించే వేడికి క్రిములు చావవు. పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి, ఒత్తిడితో 15 నిమిషాలు ఉంచుతారు. దాని పక్కన వ్యాక్స్ డబ్బా వేడి ఏపాటిది? పులిపిర్లు, నీటి పులిపిర్లు, హెర్పిస్, చీముగడ్డలు ఇలా ఒకరి నుంచి ఒకరికి పాకగలవు. వెంట్రుక ఊడినచోట రక్తపు చుక్క కనిపిస్తుంది చూశారా, హెపటైటిస్ బి లాంటివాటికి భయపడాల్సింది దానికే. ఆ వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మీరు, మీ అమ్మాయిలు టీకా వేయించుకోకపోతే వెంటనే మొదలుపెట్టండి: మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

మీరు రాయలేదు గానీ కటోరీ వ్యాక్స్ గురించి ఒకటి అడగాలి. వాడిన వ్యాక్స్‌ను మళ్లీ కరిగించి, వెంట్రుకలు వడకట్టి, తిరిగి వాడే అలవాటు చాలా పార్లర్లలో ఉంది. మీ దగ్గరా ఉంటే ఇవాళే ఆపేయండి. జీన్స్ గుడ్డ పట్టీలు ఉతికి వాడటం కూడా అంతే. ఉతికినా జిగురు పోదు, ఆ జిగురులో ఏముందో కనపడదు. పేపరు పట్టీలు ఒకరికి వాడి పారేసేవి తీసుకోండి. పూయడానికి ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటివి వాడండి. ఒక పుల్ల ఒక్కసారే డబ్బాలో మునగాలి, చర్మాన్ని తాకిన పుల్ల మళ్లీ డబ్బాలోకి వెళ్లకూడదు. కాలు మొత్తానికి బోలెడు పుల్లలు పడతాయి, నిజమే. అంత వద్దనుకుంటే ఆ మనిషికి సరిపడా వ్యాక్స్‌ను చిన్న పేపరు కప్పులోకి తీసుకుని, మిగిలింది పారేయండి. నీలం లైటు వెలిగే స్టెరిలైజర్ పెట్టెలో పట్టకార్లు పెట్టి శుభ్రమైపోయాయనుకోవద్దు. ముందు సబ్బుతో కడిగి, తర్వాత 70 శాతం స్పిరిట్‌లో నానబెట్టండి. రక్తం అంటినవైతే ఆటోక్లేవ్ చేయించాలి.

మీ పరీక్షలో రోజిన్ అలర్జీ లేదని వస్తే నా సలహా ఇది. చేతులకు, కాళ్లకు తక్కువ వేడితో పనిచేసే క్రీమ్ వ్యాక్స్. మొహానికి, చంకలకు బీన్ వ్యాక్స్, అది చర్మం కన్నా వెంట్రుకనే ఎక్కువగా పట్టుకుంటుంది, పట్టీ అక్కర్లేదు. కొత్తగా వచ్చిన ప్రతి కస్టమర్‌కూ మోచేతి మడతలో రూపాయి బిళ్లంత పూసి, తీసి, రెండు రోజులు చూడండి. దురద వచ్చినవాళ్ల కోసం చిన్న డబ్బా పంచదార వ్యాక్స్ విడిగా ఉంచుకోండి. రెండు చిన్న హీటర్లు, వేర్వేరు డబ్బాలు చాలు. పెద్ద సెట్ కొనక్కర్లేదు. ఏది వాడినా ఒకేచోట రెండోసారి పట్టీ వేయొద్దు, మిగిలిన ఒకటీ అరా పట్టకారుతో తీయండి. లాగేటప్పుడు పైకి ఎత్తకుండా, చర్మాన్ని రెండో చేత్తో బిగించి పట్టుకుని, చర్మానికి సమాంతరంగా లాగాలి. ఆ రోజుకి వేడినీళ్ల స్నానం, బిగుతు లెగ్గింగ్స్, పెర్‌ఫ్యూమ్ వద్దని చెప్పి పంపండి.

పరీక్ష అయ్యేదాకా కొత్తగా ఏమీ కొనకండి. రబ్బరు గ్లవ్స్ మానేసి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. హెయిర్ డై పని కొన్నాళ్లు అమ్మాయిలకు అప్పగించండి, వాళ్లూ గ్లవ్స్‌తోనే చేయాలి. చేతికి అంటిన వ్యాక్స్‌ను స్పిరిట్‌తో కాకుండా కొబ్బరినూనెతో తుడిచి, తక్కువ ఘాటున్న సబ్బుతో కడుక్కోండి. రాత్రి పడుకునే ముందు వేళ్ల సందుల్లో వాసెలిన్ రాయండి. మెడికల్ షాపులో అడిగి దురద ట్యూబ్ తెచ్చుకోవద్దు, అందులోనూ స్టెరాయిడే ఉండొచ్చు. పగుళ్ల నుంచి నీరు కారుతుంటే, గోళ్ల చుట్టూ వాపు ఉంటే పరీక్ష తేదీ కోసం ఆగకుండా ముందే డాక్టర్‌కు చూపించుకోండి.