ఇంపాక్ట్ టెస్టులో పెద్ద కాంక్రీటు స్పెసిమెన్‌కే ఎక్కువ బలం వస్తోంది, రీడింగులు తప్పా?

మీరు చెప్పింది ఇదీ: ఒకే మిక్స్‌తో 50 మి.మీ., 100 మి.మీ. వ్యాసం గల సిలిండర్లు పోశారు, పొడవూ వ్యాసమంతే. మామూలు కంప్రెషన్ మెషీన్‌లో చిన్నదానికి బలం ఎక్కువొచ్చింది. హాప్కిన్సన్ బార్‌లో (రెండు పొడవాటి కడ్డీల మధ్య స్పెసిమెన్ పెట్టి, గ్యాస్ ప్రెషర్‌తో విసిరిన స్ట్రైకర్ అనే కడ్డీతో కొట్టే పరికరం), సెకనుకు 100 స్ట్రెయిన్ రేటు (పొడవుతో పోలిస్తే స్పెసిమెన్ కుదించుకుపోయే వేగం) దగ్గర, పెద్దది మించిపోయింది. గైడ్ గారు డేటా తేడాగా ఉందన్నారు.

టెన్షన్ పడకండి. నా పీహెచ్‌డీ అంతా ఈ బార్ దగ్గరే నడిచింది, ఈ తలకిందుల ట్రెండ్ నాకూ వచ్చింది. పైగా మీరు స్ట్రెయిన్ రేటు కలిపి పోల్చారు. చాలామంది రెండు సైజులకూ ఒకే గ్యాస్ ప్రెషర్ పెట్టేసి పోలుస్తారు. పొడవు మారితే అదే వేగానికి స్ట్రెయిన్ రేటు మారిపోతుంది కాబట్టి ఆ పోలికకు అర్థం లేదు.

నెమ్మదిగా లోడు పెంచినప్పుడు పగులుకు తీరిక ఉంటుంది. కంకరకీ సిమెంటు మాలుకీ మధ్య అతుకు ఎక్కడ బలహీనంగా ఉందో అటే పాకుతుంది. పెద్ద దిమ్మెలో అలాంటి చోట్లు ఎక్కువ, పగులును ముందుకు తోసే శక్తీ ఎక్కువ. అందుకే 100 మి.మీ. క్యూబ్ మామూలుగా 150 మి.మీ. క్యూబ్ కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. పరిశోధకుడు బజాంట్ 1984లో సైజ్ ఎఫెక్ట్ (సైజు పెరిగితే బలం తగ్గడం) సూత్రం రాసింది పగులుకు అందే ఈ శక్తి లెక్క మీదే.

ఇంపాక్ట్‌లో కథ వేరు. నొక్కితే కాంక్రీటు పక్కలకు ఉబ్బాలి. కానీ ఆ కొద్ది మైక్రోసెకన్లలో బయటి పొర తన జడత్వం వల్ల కదల్లేక, లోపలి కాంక్రీటును చుట్టూ బిగించి పట్టుకుంటుంది. ఈ బిగింపు వ్యాసార్ధం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఒకే స్ట్రెయిన్ రేటు దగ్గర వ్యాసం రెట్టింపైతే అది నాలుగింతలు. పక్క ఒత్తిడి ఎంత ఉంటే బలం దానికి సుమారు నాలుగు రెట్లు పెరుగుతుందని రిచార్ట్ అనే పరిశోధకుడి బృందం 1928లోనే స్టాటిక్ (నెమ్మదిగా లోడు పెంచే) పరీక్షల్లో చూపింది. కాబట్టి మీ 100 మి.మీ. రీడింగులో కొంత భాగం కాంక్రీటుది కాదు, సైజుది. దాన్ని మెటీరియల్ బలం అని రాస్తే వైవాలో దొరికిపోతారు.

అలాగని అంతా జడత్వమే అనీ రాయకండి. బార్ కింద ట్రేలో పడ్డ ముక్కల్ని చేతిలోకి తీసుకుని చూడండి. మెషీన్‌లో పగిలిన క్యూబ్‌లో కంకర రాయి ఊడొచ్చి నున్నటి గుంట మిగులుతుంది. ఇంపాక్ట్‌లో అదే రాయి అడ్డంగా రెండుగా చీలి, లోపలి నల్లటి మెరుపు కనిపిస్తుంది. బలహీనమైన దారి వెతికే టైము పగులుకు లేదన్నమాట. ఈ పెరుగుదల నిజమైనదే.

నాకు అసలు అనుమానం మీ పొడవు మీద. కాంక్రీటులో తరంగం సెకనుకు సుమారు 4000 మీటర్లు పోతుంది. 100 మి.మీ. దాటడానికి 25 మైక్రోసెకన్లు. రెండు ముఖాల మీదా ఒత్తిడి సమానం కావాలంటే తరంగం ఈ పొడవును కనీసం మూడు సార్లు దాటాలి, అంటే 75 మైక్రోసెకన్లు. కానీ సెకనుకు 100 రేటు దగ్గర 0.004 స్ట్రెయిన్ (పొడవులో 0.4 శాతం కుదింపు, సుమారుగా కాంక్రీటు పగిలే స్థాయి) 40 మైక్రోసెకన్లకే వచ్చేస్తుంది. అంటే సమానం కాకముందే పగిలిపోతోంది. 50 మి.మీ. దానికి 37.5 చాలు, అదీ అంచుమీదే.

ముందు రెండు ముఖాల ఒత్తిడినీ ఒకే గ్రాఫులో గీసి చూడండి. కలవకపోతే 100 మి.మీ. వాటిని సగం పొడవుకు కోయించి, దెబ్బ ఒక్కసారిగా కాక మెల్లగా పెరిగేలా స్ట్రైకర్ తగిలే చోట రాగి బిళ్ల పెట్టి, అదే స్ట్రెయిన్ రేటు వచ్చేలా వేగం సర్దుకుని మళ్లీ కొట్టండి. పొడవు తగ్గితే చివర్ల రాపిడి ప్రభావం పెరుగుతుంది, గ్రీజు మర్చిపోవద్దు. మిక్స్‌లో 20 మి.మీ. కంకర వాడి ఉంటే మాత్రం 50 మి.మీ. సిలిండర్లు పనికిరావు, వ్యాసం కంకరకు కనీసం మూడు రెట్లుండాలి. అప్పుడు 10 మి.మీ. కంకరతో రెండు సైజులూ మళ్లీ పోయాల్సిందే.