మీరడిగారు: ఊరి లైబ్రరీలో ఏముంది?

ముప్పయ్యొక్కేళ్లు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైన గ్రంథపాలకురాలు ఈసారి జవాబులిస్తున్నారు.

ప్రశ్న: బదిలీ మీద ఈమధ్యే ఒక చిన్న పట్నానికి వచ్చాం. మా అమ్మాయి అయిదో తరగతి. శాఖా గ్రంథాలయం కనిపిస్తే ఒకరోజు తీసుకెళ్లాను. పేపర్లు చదివే పెద్దవాళ్లు, పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు తప్ప ఎవరూ లేరు. పిల్లకి అక్కడ ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ఒక్కరోజు చూసి వచ్చేశారు. ఇంకో నాలుగు రోజులు వెళ్లండి. అదీ పొద్దున తలుపులు తీసే వేళకి.

నేను వెళ్లేసరికే మెట్ల మీద ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉండేవాళ్లు. అటెండరు పేపర్ల కట్ట విప్పి, ఒక్కో పేపరు మీదా లైబ్రరీ ముద్ర వేసి బల్ల మీద పెట్టేవాడు. పేపరు ఒకటే, చదివేవాళ్లు ఆరుగురు. మెయిన్ షీట్ ఒకరికి, ఆటల పేజీ ఒకరికి. జిల్లా పేజీ మాత్రం ముందు ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు గారికే వెళ్లేది. అలా అని ఎవరూ రూలు పెట్టలేదు, ఆయన అడిగిందీ లేదు. ఒకసారి రెండ్రోజులు ఆయన కనపడకపోతే, సాయంత్రం ఒక కుర్రాడు సైకిలు మీద వాళ్లింటికి వెళ్లి చూసొచ్చాడు. జ్వరమట. మర్నాడు ఆ జిల్లా పేజీని మడిచి నా బల్ల మీద పెట్టి, 'సాయంత్రం లైబ్రరీ కట్టేశాక ఆయనకి ఇచ్చొస్తాను మేడం, రేపు తెచ్చేస్తాను' అన్నాడు. మీరు చూసిన ఆ పెద్దవాళ్లూ ఆ కుర్రాళ్లూ వీళ్లే.

ఇక మీ అమ్మాయి సంగతి. నా దగ్గరికి ఒక టైలరు గారి అమ్మాయి వచ్చేది, ఏడో తరగతి. పిల్లల పుస్తకాలున్న రెండు అరలూ ఒక్క వేసవిలో చదివేసి, 'ఇంకేం ఉన్నాయి మేడం?' అంది. తాళం వేసిన బీరువా తీసి చూపించాను. ఆ పిల్ల అట్ట చూడలేదు, పేరూ చూడలేదు. ప్రతి పుస్తకాన్నీ వెనక నుంచి తెరిచి, తేదీ ముద్రలు వేసే చీటీ చూసేది. చివరి ముద్ర ఎంత పాతదైతే ఆ పుస్తకం అంత ఇష్టం. ఒకదాని మీద ఆఖరి ముద్ర 1987. 'అప్పటికి నేను పుట్టనే లేదు. పాపం, దీన్ని ఇన్నేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు' అని దాన్నే పట్టుకెళ్లింది. ముందు ఎండిన వేపాకులు దులిపి ఇచ్చాను, పురుగు పట్టకుండా అరల్లో వేసేవాళ్లం లెండి. ఆ పాత ముద్ర కింద కొత్త తేదీ వేస్తుంటే నాకెంత సంతోషం వేసిందో ఇప్పటికీ గుర్తే.

అందుకని మీ అమ్మాయిని బీరువాల దగ్గరికి పంపండి. ఏం కావాలో తననే అడగనివ్వండి, మీరు పక్కన నిలబడి చెప్పొద్దు. 'నక్షత్రాల గురించి ఏమైనా ఉందా అండీ' అని ఒక పిల్ల అడిగితే లేచి వెతకని లైబ్రేరియన్‌ని నేను చూడలేదు. కూర్చుని చదువుకోవడానికి డబ్బేమీ అక్కర్లేదు. ఇంటికి తెచ్చుకోవాలంటే కొద్దిపాటి డిపాజిట్ కట్టి కార్డు తీసుకోవాలి. చాలాచోట్ల శుక్రవారం సెలవు, అది చూసుకోండి.

ప్రశ్న: ఇంటి పన్నులో గ్రంథాలయ పన్ను కూడా కలిపి వసూలు చేస్తున్నారు. నేను లైబ్రరీ గుమ్మం తొక్కింది లేదు. ఎందుకు కట్టాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీలూ మున్సిపాలిటీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పుస్తకాలు, పేపర్లు, బల్లలు, పైకప్పు రిపేర్లు, అన్నిటికీ అదే ఆధారం.

జమ కాకపోతే ఏమవుతుందో నేను అనుభవించాను. ఊరి పేరు చెప్పను. రెండు వానాకాలాలు పైకప్పు కారింది. ఎన్ని కాగితాలు పెట్టినా డబ్బు లేదన్నదే జవాబు. ఒక రాత్రి పెద్ద వాన పడితే, నేను వెళ్లేసరికే పోటీ పరీక్షల పిల్లలు నలుగురు వరండాలో ఉన్నారు. తాళం తీయగానే, ఎరువుల కొట్టు నుంచి అడిగి తెచ్చిన టార్పాలిన్ బీరువాల మీద కప్పారు. అప్పటికే బైండు చేసిన పాత వారపత్రికలు పదకొండు తడిసిపోయాయి. ఫ్యాను కింద ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టాం. ఏడే దక్కాయి. మిగతా నాలుగూ తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి బాబూ, పన్ను ఎందుకు అని కాదు, 'మేం కట్టింది లైబ్రరీకి జమ చేశారా?' అని ఆఫీసులో అడగండి. చందా కట్టేసిన మనిషి మీరు. ఒక సాయంత్రం వెళ్లి మీ కుర్చీలో కూర్చోండి.

ప్రశ్న: వేటపాలెం గ్రంథాలయం గురించి మా తాతగారు తెగ చెప్పేవారు. వెళ్లి చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా వెళ్లండి. చీరాల పక్కనే, నేతపనివాళ్ల ఊరు. 1918లో పెట్టిన సారస్వత నికేతనం అక్కడ ఉంది. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1914లో, అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి నాంది పలికారు. ఊరూరా పుస్తకం ఉండాలన్న పట్టుదల రోజులవి. కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పినవాళ్లు కూడా ఉన్నారు.

గాంధీగారి చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది, అందరూ ముందు అదే చూస్తారు. నేనైతే పాత పత్రికల కోసం వెళ్తాను. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి పాత సంచికలు చూడ్డానికి పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మీ తాతగారు పుట్టిన ఏడాది చెప్పి, ఆ ఏటి సంచిక ఉందేమో అడగండి. ఇస్తే బల్ల మీద పరుచుకునే చదవండి, చేతిలో ఎత్తి పట్టుకోవద్దు. ఆ కాగితం అప్పడంలా ఉంటుంది. పేజీ తిప్పేటప్పుడు వేలు తడి చేయకుండా, పై మూల పట్టుకుని, రెండో అరచెయ్యి కింద పెట్టి మెల్లిగా తిప్పండి.