అమెరికాలో పెరటి మొక్కలకి కొన్న పురుగుమందు లేబుల్ ఎలా చదవాలి?
మన దగ్గర డబ్బా మీద రంగు చూస్తే చాలు, ఎరుపైతే అన్నిటికంటే విషం, ఆకుపచ్చైతే తక్కువ. అమెరికాలో మాటలు చూడాలి: 'డేంజర్' అంటే అత్యంత ప్రమాదం, తర్వాత 'వార్నింగ్', తర్వాత 'కాషన్'.

అంతకంటే ముఖ్యం పంటల జాబితా. బెండ, వంగ, మీరు వేసింది ఏదైనా సరే దాని పేరు అందులో ఉంటేనే కొట్టండి, గులాబీలకి తెచ్చిన మందు గోంగూర మీద కొట్టి ఆ ఆకు పప్పులో వేసుకోవద్దు, దయచేసి. లేబుల్‌కి విరుద్ధంగా వాడితే అక్కడ ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించినట్టే. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో కూడా ప్రతి పంటకీ విడిగా రాసి ఉంటుంది.

మిగిలిన మందు వాటర్ బాటిల్లో పోసి పెట్టకండి, పిల్లలు తాగేస్తారు. పొరపాటున మింగితే వెంటనే పాయిజన్ కంట్రోల్ (విషం మింగినప్పుడు సలహా ఇచ్చే కేంద్రం) నంబర్ 1-800-222-1222కి ఫోన్ చేయండి, 24 గంటలూ ఉచితం. స్పృహ తప్పితే 911.