పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అట్ట మీద ‘అన్‌ప్లగ్డ్’, లోపల?

ప్రశ్న: ‘హోటల్ కాలిఫోర్నియా’, ‘లైలా’ అకౌస్టిక్ (కరెంటు లేని వాద్యాల) వెర్షన్లు విన్నాక, పాత రాక్ పాటలకు అలాంటివి ఇంకా పోగు చేయాలనిపించింది. యాప్‌లో పాట పేరు పక్కన ‘అకౌస్టిక్’ అని కొడితే ఎవరెవరో పాడినవే వస్తున్నాయి. అసలు బ్యాండ్ వాయించినవి ఎలా పట్టుకోవాలి? – వరంగల్

జవాబు: మీరు కొడుతున్న ఆ మాటే దారి తప్పిస్తోంది. పేరున్న బ్యాండ్లు ఆ మాటను తమ రికార్డుల మీద వేసుకున్నది తక్కువ. దాన్ని ఎక్కువగా వాడేది కవర్లు (ఇతరుల పాటలు) పాడి అప్‌లోడ్ చేసేవాళ్లు. మీరడిగిన ‘హోటల్ కాలిఫోర్నియా’నే చూడండి. 1976 నాటి పాటను ఈగల్స్ మళ్లీ కలిసినప్పుడు అకౌస్టిక్ గిటార్ల మీద వాయించారు. అది 1994లో ‘హెల్ ఫ్రీజెస్ ఓవర్’ ఆల్బమ్‌లో వచ్చింది. ఆల్బమ్ పేరులో అకౌస్టిక్ లేదు, అన్‌ప్లగ్డ్ కూడా లేదు. క్వీన్ ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ సంగతీ అంతే. 1975 స్టూడియో పాటలో పియానో, హార్ప్ ఉంటాయి. 12 తీగల గిటార్ మీద, జనం గొంతు కలుపుతుండగా పాడింది కావాలంటే 1979 ‘లైవ్ కిల్లర్స్’ తెరవాలి.

ముందు మీక్కావలసింది ఏ రకమో తేల్చుకోండి. పాట ఇంకా పుట్టే దశలో ఒక గిటార్‌తో పాడి పెట్టుకున్నది ఒక రకం. హిట్టయిన ఏళ్లకు కచేరీ కోసం కొత్తగా కట్టింది ఇంకో రకం. మొదటి రకానికి ‘డెమో’, ‘హోమ్ డెమో’, ‘టేక్ 1’, ‘ఎర్లీ టేక్’ అని వెతకాలి (టేక్ అంటే ఒకసారి పాడి రికార్డు చేసినది). ఇవి ఎక్కువగా వార్షికోత్సవ బాక్స్ సెట్లలో రెండో డిస్క్ నుంచి మొదలవుతాయి. రెండో రకానికి ‘లైవ్’, ‘అన్‌ప్లగ్డ్’, ‘స్ట్రిప్డ్’ అని వెతకండి. ‘లైలా’ ఈ రెండో రకమే: 1970లో డెరెక్ అండ్ ద డామినోస్ పేరుతో వచ్చిన పాటను ఆ బ్యాండ్ గాయకుడు ఎరిక్ క్లాప్టన్ 1992 జనవరి 16న ఇంగ్లండ్‌లోని బ్రే స్టూడియోస్‌లో నిదానం చేసి, లయ మార్చి పాడారు.

బీటిల్స్ ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’ ఒక్కటీ శ్రద్ధగా పోగు చేస్తే చాలు, ఈ పనిలో కిటుకంతా చేతికొస్తుంది. 1968 మే నెలలో జార్జ్ హారిసన్ ఈషర్‌లోని తన ఇంట్లో టేపు మీద పాడి పెట్టినది 2018 వైట్ ఆల్బమ్ బాక్స్‌లో ఈషర్ డెమోల డిస్క్‌లో ఉంది. అదే ఏడాది జూలై 25న స్టూడియోలో పాడిన టేక్ 1 ‘ఆంథాలజీ 3’లో 1996లో వచ్చింది. 2006 ‘లవ్’ ఆల్బమ్‌లో వినిపించేదీ ఆ టేక్ 1 గొంతే. బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ దానికి వయొలిన్ల బృందాన్ని చేర్చారు. 2018 బాక్స్‌లోనే టేక్ 2 కూడా ఉంది. అంటే నాలుగు ట్రాకులు, మూడు పాడడాలు. ఫైలు పేరు ‘అకౌస్టిక్ వెర్షన్’ అని ఊరుకుంటే ఏడాది తిరిగేసరికి ఏది ఏదో మీకే తెలియదు.

ఎక్కడ వెతకాలంటే, మ్యూజిక్‌బ్రెయిన్జ్ వెబ్‌సైట్‌లో పాటకు ‘వర్క్’ పేజీ ఉంటుంది. ఆ పాట రికార్డింగులు అక్కడ ఒకచోట కనిపిస్తాయి, చాలావాటికి తేదీలతో. దొరికిన రికార్డింగు ఏ సీడీలో, ఏ దేశపు ముద్రణలో ఉందో డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. యాప్‌కు ఆఖర్న వెళ్లండి, అదీ పాట పేరుతో కాదు, ఆల్బమ్ పేరుతో.

ప్రశ్న: అన్‌ప్లగ్డ్ అంటే కరెంటు లేకుండా వాయించడమేనా? – కాకినాడ

జవాబు: మాటకు అర్థం అదే. కానీ ఎమ్‌టీవీ ‘అన్‌ప్లగ్డ్’ కార్యక్రమం 1989లో మొదలైతే, ఆ పేరును పట్టుదలగా పాటించినవాళ్లు కొద్దిమందే. 1991లో పాల్ మెకార్ట్‌నీ వాద్యాల ముందు మైకులు పెట్టించి వాయించారు. 1993 నవంబరు 18న న్యూయార్క్‌లో నిర్వానా వాయించినప్పుడు కర్ట్ కొబేన్ మార్టిన్ డీ-18ఈ గిటార్‌కు తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌లున్నాయి, ఎఫెక్ట్ పెడల్ ఉంది, ఆంప్లిఫయరూ ఉంది. ‘ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్’లో గిటార్ గరగరలాడడం అందుకే. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అయితే 1992లో ఎలక్ట్రిక్ బ్యాండ్‌తో వచ్చి వాయించారు; ఆ ఆల్బమ్ అట్ట మీద ‘అన్’ కొట్టేసి ఉంటుంది! పిడివాదం పక్కన పెడితే నిర్వానాది తీసేయాల్సిన రికార్డేమీ కాదు.

ప్రశ్న: ఒక ప్రసిద్ధ పాటకు ‘అఫీషియల్ అకౌస్టిక్’ అని ఫైలు దొరికింది. గొంతు అసలు గాయకుడిదే. అయినా ఎక్కడో తేడా కొడుతోంది. ఎలా తేల్చాలి? – హైదరాబాద్

జవాబు: ఈమధ్య డ్రమ్స్, బేస్ సాఫ్ట్‌వేర్‌తో తీసేసి అకౌస్టిక్ అని వదులుతున్నారు. ముందు హెడ్‌ఫోన్‌లో ‘స’, ‘ష’ అక్షరాల దగ్గర వినండి. నీళ్లలో నుంచి వస్తున్నట్టు గలగల ఉంటే అనుమానించాల్సిందే.

రుజువు కావాలంటే ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో అసలు పాటను, ఈ ఫైలును రెండు ట్రాకులుగా పెట్టండి. గొంతు స్పష్టంగా ఉన్న 5 నుంచి 10 సెకన్ల ముక్క చాలు. బాగా జూమ్ చేసి, ఒకే అక్షరం మొదటి శిఖరం రెండింట్లో ఒకే గీత మీదకు వచ్చేలా జరపండి. గొంతు మోత రెండింట్లో సమానం చేయండి. ఇప్పుడు ఒక ట్రాకును ఇన్వర్ట్ (తరంగాన్ని తలకిందులు) చేసి రెండూ కలిపి వినండి. గొంతు బాగా తగ్గిపోయి డ్రమ్స్ మిగిలితే రెండింట్లోనూ ఉన్నది ఒకే పాడడం. గొంతు తగ్గకుండా ఇద్దరు పాడినట్టు వినిపిస్తే అది వేరే టేక్.

ఇందులో జనం పడే పొరపాటు మొత్తం పాటను పోల్చడం. వేగంలో 0.1 శాతం తేడా ఉన్నా నిమిషం తిరిగేసరికి 60 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. ఇక ఏదీ రద్దు కాదు. జరపడంలో వెంట్రుకవాసి తేడా ఉంటే లావు శబ్దం పోయి సన్నని సుయ్‌మనే శబ్దం మిగులుతుంది, మళ్లీ జరపండి. ఇంకో మాట: గొంతు రద్దయినంత మాత్రాన నకిలీ అనకండి. పైన చెప్పిన ‘లవ్’ ట్రాకు టేక్ 1తో అలాగే కలుస్తుంది, అది అధికారికమే. విడుదల చేసిందెవరో ఆల్బమ్ కింద సున్నాలో ‘పీ’ గుర్తున్న వరుసలో చూసుకోండి.

ఫైలు నాణ్యతకు, ఏ ఎత్తు శబ్దాలు ఎంత ఉన్నాయో గీసి చూపే స్పెక్ సాఫ్ట్‌వేర్ బొమ్మ చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగితే అది 128 కేబీపీఎస్ ఎమ్పీత్రీని ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గించని ఫైలు రకంగా) మార్చి అంటగట్టింది కావచ్చు. క్యాసెట్ డెమోలకు మాత్రం ఈ లెక్క పెట్టకండి. స్ప్రింగ్‌స్టీన్ ‘బోర్న్ ఇన్ ద యూఎస్ఏ’ అకౌస్టిక్ డెమో 1982లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద పాడినది, 1998 ‘ట్రాక్స్’లో వచ్చింది. అలాంటి వాటిలో పై శబ్దాలు సహజంగానే తక్కువ. కాకపోతే కోసినట్టు కాక పలచబడుతూ పోతాయి. 15.7 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నని అడ్డగీత ఒకటి పాట పొడవునా ఉంటే పాత టీవీ నుంచి పట్టినదని అనుకోవచ్చు.

ప్రశ్న: 90ల్లో కొన్న అన్‌ప్లగ్డ్ క్యాసెట్లున్నాయి. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే శబ్దం మూసుకుపోయినట్టుంది. – విజయవాడ

జవాబు: మీ డెక్ హెడ్ టేపుకు వాలుగా నిలబడి ఉంటుంది. ముందు హెడ్‌ను, రబ్బరు చక్రాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి ఆరనివ్వండి. హెడ్ పక్కన చిన్న స్ప్రింగు మీద కూర్చున్న మరను, పాట నడుస్తుండగా పావు చుట్టుకు మించకుండా తిప్పుతూ, మోనోలో వినండి. తీగల మెరుపు ఎక్కడ ఎక్కువ వినిపిస్తే అక్కడ ఆపండి. క్యాసెట్ మీద డాల్బీ బీ (టేపు సుయ్‌మనే శబ్దాన్ని తగ్గించే పద్ధతి) గుర్తు లేకపోయినా డెక్‌లో డాల్బీ ఆన్‌లో ఉంటే కూడా ఇలాగే మూసుకుపోతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో, శిఖరాలు -6 డీబీ దాటకుండా ఎక్కించండి. చప్పట్లు గిటార్ కంటే మోతగా ఉంటాయి, లెవెల్ వాటిని చూసి పెట్టాలి. క్యాసెట్ లోపల టేపును హెడ్‌కు నొక్కే స్పాంజి ముక్క రాలిపోయి ఉంటే మరెంత తిప్పినా లాభం లేదు; మరలున్న ఖాళీ క్యాసెట్ గూటిలోకి టేపు మార్చండి.

ప్రశ్న: సీడీల నుంచి తీసిన పాటల మధ్య చిన్న ఖాళీ వస్తోంది. ఒకటి మెల్లగా, ఒకటి హోరుగా వినిపిస్తోంది. – బెంగళూరు

జవాబు: మీరు ఎమ్పీత్రీలోకి తీస్తున్నట్టున్నారు. ఆ పద్ధతి ప్రతి ఫైలు మొదట, చివర రవ్వంత నిశ్శబ్దం కలుపుతుంది. చప్పట్లు ఆగకుండా సాగే కచేరీలో అది తెలిసిపోతుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో సెక్యూర్ మోడ్ పెట్టి ఫ్లాక్‌లోకి తీయండి. మోత సమానం చేయడానికి ఫైళ్లను మార్చకండి, ఎంత మోతతో వినిపించాలో ప్లేయర్‌కు చెప్పే రీప్లేగెయిన్ ట్యాగ్ వేస్తే చాలు. వేర్వేరు ఆల్బమ్‌ల పాటలు కలిపి వింటే ట్రాక్ గెయిన్. ఒక కచేరీ మొత్తం వింటే ఆల్బమ్ గెయిన్. ట్యాగ్‌లో పాట పేరు తర్వాత ‘1992-01-16, బ్రే’ అన్నట్టు పాడిన తేదీ, చోటు రాయండి. సంవత్సరం గడిలో విడుదల ఏడాది ఉండనివ్వండి, రెండూ ఒకటి కావు.

ప్రశ్న: పెర్ల్ జామ్ బ్యాండ్ అన్‌ప్లగ్డ్ కచేరీ ఆల్బమ్‌గా వచ్చిందా? – న్యూజెర్సీ

జవాబు: వచ్చింది. 1992లో వాయించారు, ఎల్‌పీగా 2019లో, సీడీగా 2020లో వచ్చింది. అంతకు ముందు ఏళ్ల తేదీతో ఎవరైనా ‘అధికారిక ఎల్‌పీ’ అమ్మజూపితే కొనకండి.