కుడిచెయ్యి సహకరించకపోతే పియానిస్టు వృత్తి ముగిసినట్టేనా?

ముగియనక్కర్లేదు. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌నే చూడండి. తొమ్మిదేళ్లకే, పేరుమోసిన పియానిస్టు ఆర్టుర్ ష్నాబెల్ అంతటి గురువు దగ్గర చేరాడు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ అంతర్జాతీయ సంగీత పోటీ గెలిచాడు. మంచి ఊపు మీదుండగా, 1960ల మధ్యలో కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు వాటంతటవే అరచేతిలోకి ముడుచుకుపోసాగాయి. అది ఫోకల్ డిస్టోనియా. ఇందులో వేళ్లు బాగానే ఉంటాయి, వాటిని నడిపే మెదడు సంకేతాలే గతి తప్పుతాయి. ఆ సంగతి తేలడానికే చాలా ఏళ్లు పట్టింది.

ఎడమచేత్తో మాత్రమే వాయించేలా రాసిన రచనలతో కచేరీలు చేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి కోల్పోయిన పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం ఫ్రెంచి స్వరకర్త రవేల్ రాసిన కాన్సర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) వాటిలో ముఖ్యమైనది. ఆర్కెస్ట్రాలు కూడా నడిపించాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఫ్లైషర్ పాఠం చెప్పిన తీరు. 1959 నుంచే బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత విద్యాలయంలో బోధించేవాడు. రెండు చేతులతో వాయించి చూపించే వీలు పోయాక, ఒక స్వరం మీద ఎంత బరువు వెయ్యాలో, ఎక్కడ ఆగాలో మాటల్లోనే చెప్పాల్సి వచ్చింది. దాంతో బోధన ఇంకా పదునెక్కింది. 1990లలో, కండరాలను సడలించే బొటాక్స్ ఇంజెక్షన్లతో వేళ్లు కొంత సడలి, మళ్లీ రెండు చేతులతో వేదికెక్కాడు. 2020లో, 92వ ఏట కన్నుమూసేదాకా పాఠాలు మానలేదు.